తొలిచూలు పిల్లి: ఎప్పటిదాకా ఆగాలి?

పిల్లి కడుపుతో ఉందని ఇంట్లో తెలియగానే పెద్దవాళ్లు అనే మాట ఒకటుంది: దాని పురుడు అదే చూసుకుంటుంది, మీరు జోలికి పోకండి. ఈ మాటను కొట్టిపారేయనక్కర్లేదు. నాటు పిల్లుల్లో చాలావరకు ఏ అటక మీదో, పాత బట్టల మూట వెనకో, ఎవరి సాయమూ లేకుండానే ఈనుతాయి. బొడ్డు అవే కొరుకుతాయి, మాయ అవే తింటాయి, కూనల్ని అవే నాకి ఆరబెడతాయి. అయితే జోలికి పోకపోవడం వేరు, పట్టించుకోకపోవడం వేరు. పురుడు సాఫీగా సాగుతున్నంతసేపూ మనిషి చెయ్యి పిల్లికి అడ్డమే. అది మధ్యలో చిక్కుపడితే మాత్రం మనిషి చేసే ఆలస్యమే తల్లికీ కూనలకూ ముప్పు. ఈ రెండింటి మధ్య హద్దు ఎక్కడుందో తెలుసుకోవడానికి పశువైద్యం చదవనవసరం లేదు. తేదీలు రాసుకోవడం, గడియారం చూడటం, పిల్లి ఏం చేస్తోందో దూరంగా ఉండి గమనించడం చాలు. ఏడాదైనా నిండని పిల్లి మొదటిసారి ఈనబోతున్నప్పుడు ఈ లెక్క మరీ అవసరం.

పిల్లి పురుడు ఎంత సులువు అన్న ప్రశ్నకు ఆధారాలతోనే జవాబు చెప్పవచ్చు. 1995లో బ్రిటన్‌లో వెలువడిన ఒక పరిశోధన పెంపుడు పిల్లుల ఈతలను లెక్కగట్టి, వాటిలో 5.8 శాతం కష్టకాన్పులని తేల్చింది. ఆ సగటు కంటే దాని లోపలి తేడాలు మనకు ముఖ్యం. ఫలానా జాతి అని చెప్పలేని కలగలుపు పిల్లుల పెద్ద గుంపులో కష్టకాన్పులు 0.4 శాతమే. డెవన్ రెక్స్ అనే జాతిలో 18.2 శాతం. మామూలు తల ఆకారం ఉన్న పిల్లుల కంటే మొహం బాగా చదునుగా ఉన్న జాతులకూ, బాగా కోలగా ఉన్న జాతులకూ కాన్పు కష్టాలు ఎక్కువని కూడా అందులో తేలింది. పెద్దల మాట పుట్టింది నాటు పిల్లిని చూసి. నాటు పిల్లి వరకు అంకెలు కూడా ఆ మాటనే సమర్థిస్తున్నాయి. కానీ హైదరాబాద్, విజయవాడ, విశాఖపట్నం అపార్ట్‌మెంట్లలో ఇప్పుడు ముద్దుగా పెంచుకుంటున్న పెర్షియన్ పిల్లి చదును మొహం జాతిది. నాటు పిల్లికి దొరికిన ధీమాను దానికి అలాగే అంటగట్టలేం. ఏ పిల్లి అన్నది మొదటి ప్రశ్న అయితే, ఎంత వయసు పిల్లి అన్నది రెండోది.

కూనే తల్లి అయితే

సంక్రాంతికి పుట్టిన ఆడకూన ఆషాఢానికల్లా ఎదకు రావచ్చు, దసరా నాటికి తల్లి కావచ్చు. పిల్లులు ఎక్కువగా ఐదు నుంచి తొమ్మిది నెలల మధ్య ఎదకు వస్తాయి. నాలుగో నెలలోనే వచ్చేవీ ఉన్నాయి. చలి దేశాల్లో పగటి వెలుగు తగ్గిన నెలల్లో ఎద ఆగుతుంది. మనలాంటి వేడి ప్రాంతాల్లో పగటి నిడివి అంతగా మారదు కాబట్టి ఏ నెలలోనైనా రావచ్చు. పైగా పిల్లికి అండం దానంతట అది నెలనెలా విడుదల కాదు. మగపిల్లితో జత కలిసినప్పుడు కలిగే ప్రేరణ వల్ల ఒకటి రెండు రోజుల్లో విడుదలవుతుంది. అందుకే ఎదలో ఉన్న పిల్లి ఒక్క రాత్రి గోడ దూకి వచ్చినా కడుపు నిలిచే అవకాశం చాలా ఎక్కువ. ఒకే ఈతలోని కూనలకు వేర్వేరు తండ్రులు ఉండటమూ సాధ్యమే. ఇంత తొందరగా తల్లి కాగలిగిన ఆ పిల్లికి ఎముకలు పూర్తిగా గట్టిపడటానికి మాత్రం ఏడాది దాటుతుంది. తినే తిండి ఒకటే. దాన్ని పెరుగుతున్న తన ఒంటికీ, కడుపులోని సగటున నాలుగు కూనలకూ పంచాలి. పిల్లి కూనతనంలోనే తల్లయితే వచ్చే అసలు ఇబ్బంది ఇదే.

చిన్న పిల్లి కష్టపడుతుంటే, దారి ఇరుకుగా ఉండి కూన పట్టడం లేదని మనం వెంటనే అనుకుంటాం. అది ఉండదని కాదు గానీ, అసలు కారణం ఎక్కువసార్లు వేరే ఉంటుంది. స్వీడన్‌లో 155 కష్టకాన్పు కేసులను పరిశీలించి 1994లో ప్రచురించిన అధ్యయనం ప్రకారం, దాదాపు 60 శాతం కేసుల్లో గర్భసంచి తగినంత బలంగా ముడుచుకోకపోవడమే కారణం. నొప్పులు అసలు సరిగా మొదలు కాకపోవడం, లేదా కాసేపు వచ్చి అలసిపోయి ఆగిపోవడం. కూన అడ్డం తిరగడం వంటివి 15 శాతం పైచిలుకు. జననమార్గం ఇరుకు కావడం ఐదు శాతం ప్రాంతంలోనే. ఈ అంకెలను కాస్త నిదానంగా చూస్తే రెండు సంగతులు తెలుస్తాయి. సత్తువ ఉడిగిన గర్భసంచి చేయాల్సిన పనిని కూనను పట్టి లాగే చెయ్యి చేయలేదు. అలాగే, అలసిపోయిన గర్భసంచి ఇంకా ఆగితే మళ్లీ పుంజుకుంటుందన్న ఆశకూ పెద్దగా ఆధారం లేదు. ఆ 155 పిల్లుల్లో దాదాపు 80 శాతానికి చివరికి సిజేరియన్ చేయాల్సి వచ్చింది. అంటే లాగడమూ పరిష్కారం కాదు, ఊరికే ఆగడమూ కాదు. గర్భసంచి అలసిపోయిందని సకాలంలో గుర్తుపట్టడమే మన చేతిలో ఉన్న పని.

తేదీ, తిండి, మందు

గుర్తుపట్టడం అన్నది తేదీతో మొదలవుతుంది. పిల్లి గర్భం సాధారణంగా 63 నుంచి 67 రోజులు. కొన్ని రోజులు అటూ ఇటూ అయినా కూనలు బాగానే ఉండవచ్చు. 60 రోజులకు ముందే పుట్టినవి బతకడం కష్టం. 70 దాటినా కదలిక లేకపోతే పరీక్ష చేయించాలి. జత కలిసిన తేదీ తెలియకపోతే పిల్లి ఎద కూతలు ఆగిన రోజులు గుర్తు చేసుకోవచ్చు. మూడో వారం ప్రాంతంలో చనుమొనలు గులాబీ రంగులోకి మారి కాస్త ఉబ్బుతాయి. తొలిచూలు పిల్లిలో ఈ మార్పు మరింత స్పష్టంగా కనిపిస్తుంది. అక్కడి నుంచి లెక్కేసినా ఉజ్జాయింపు తేదీ దొరుకుతుంది. నాలుగో వారంలో స్కానింగ్ చేయిస్తే కూనల గుండె కొట్టుకోవడం కనిపిస్తుంది. ఎన్ని కూనలున్నాయో లెక్కించడానికి మాత్రం స్కానింగ్ కంటే చివరి వారంలో తీసే ఎక్స్‌రే నయం, ఎందుకంటే అప్పటికి వాటి ఎముకలు గట్టిపడి ఉంటాయి. ఆ లెక్క ఎందుకంటారా? నాలుగు కూనలున్నాయని ముందే తెలిస్తే, మూడు పుట్టి పురుడు ఆగినప్పుడు అది అయిపోయిందో, చిక్కుపడిందో ఊహించుకుంటూ కూర్చోనక్కర్లేదు. కడుపు నొక్కి కూనల్ని వెతకడం మాత్రం ఇంట్లో చేయకూడదు. లేత గర్భానికి అది దెబ్బ.

తిండి విషయంలో మన ఇళ్ల అలవాటే పిల్లికి ఎదురు తిరుగుతుంది. పాలన్నం, పెరుగన్నం పెట్టి పిల్లిని పెంచడం మనకు కొత్త కాదు. కానీ పిల్లి పుట్టుకతో మాంసాహారి. టారిన్ అనే పోషకాన్ని దాని శరీరం చాలినంత తయారు చేసుకోలేదు; అది దొరికేది మాంసం, చేప వంటి జంతు ఆహారంలోనే. టారిన్ కొరత ఉన్న తల్లికి కడుపు నిలవకపోవడం, కూనలు లోపలే కరిగిపోవడం, ఎదుగుదల లేకుండా పుట్టడం జరుగుతాయి. కూరగాయల్లోని పసుపు వన్నె పదార్థాన్ని విటమిన్ ఎగా మార్చుకోవడం కూడా పిల్లికి చేతకాదు. ఎలుకల్ని, పిట్టల్ని పట్టి తినే పల్లెటూరి పిల్లికి ఈ లోటు బయట తీరిపోతుంది; మూడో అంతస్తులో తలుపులు మూసి పెంచే పిల్లికి తీరే దారి లేదు. కూనల కోసం తయారైన ప్యాకెట్ ఆహారాన్ని గర్భిణి పిల్లికి పెట్టమని వైద్యులు చెప్పడం ఇందుకే. పెరుగుతున్న ఒంటికి కావలసినవన్నీ అందులో ఉంటాయి. ఇంటి తిండే పెట్టాలనుకుంటే ముళ్లు తీసిన ఉడికించిన చేప, కోడిమాంసం, గుడ్డు మేలు. ఉడికించిన నీళ్లు పారబోయకూడదు, టారిన్ అందులోకి దిగుతుంది. ఉల్లి, వెల్లుల్లి వేసిన కూరా పులుసూ వద్దు. అవి పిల్లి ఎర్ర రక్తకణాలను దెబ్బతీస్తాయి. పచ్చి కాలేయం రోజూ పెడితే విటమిన్ ఎ మితిమీరుతుంది. అలా పెడుతున్నవాళ్లు తగ్గించాలి.

ప్రేమ కొద్దీ చేసే మరో పొరపాటు కాల్షియం. కడుపుతో ఉన్న మనిషికి కాల్షియం మాత్రలు ఇస్తారు కదా అని పిల్లికీ సిరప్ పట్టేవాళ్లున్నారు. ఎముకల నుంచి అవసరానికి కాల్షియం తీసుకునే ఏర్పాటు శరీరంలో ఉంది. బయటి నుంచి ధారాళంగా అందుతుంటే ఆ ఏర్పాటు మందగిస్తుంది. పాలిచ్చే రోజుల్లో ఒక్కసారిగా కాల్షియం అవసరం పెరిగినప్పుడు అది అందుకోలేక, రక్తంలో కాల్షియం పడిపోయి వణుకు, ఫిట్స్ వస్తాయి. కాబట్టి వైద్యుడు చెప్పనిదే ఇవ్వకూడదు. ఒళ్లు వేడిగా ఉందని పారాసిటమాల్ వేయడం ఇంతకంటే ఘోరం. పిల్లి కాలేయానికి దాన్ని విరిచి బయటికి పంపే శక్తి లేదు, మనిషి వేసుకునే ఒక్క మాత్ర పిల్లి ప్రాణం తీయగలదు. తామరకు వాడే గ్రిసియోఫుల్విన్ కడుపులోని కూనలకు అంగవైకల్యం తెస్తుంది. కుక్కల పేలకు, గోమార్లకు వాడే పెర్మెత్రిన్ చుక్కలు పిల్లికి విషం. బతికున్న వైరస్‌తో తయారైన టీకాలు గర్భిణి పిల్లికి వేయరు. ముఖ్యంగా ప్యాన్‌ల్యూకోపీనియా వైరస్ కూనల చిన్నమెదడును దెబ్బతీస్తుంది. టీకాలు గర్భానికి ముందే పూర్తి కావాలి.

గర్భం నడుస్తుండగా కనిపించే ఇబ్బందుల్లో ఏది చిన్నదో, ఏది పెద్దదో విడదీసుకోవాలి. మూడు నాలుగు వారాల ప్రాంతంలో ఒకటి రెండు రోజులు తిండి తగ్గినా పిల్లి హుషారుగా ఉంటే కంగారు పడనక్కర్లేదు. తొలి వారాల్లో కూనలు చనిపోతే అవి లోపలే కరిగిపోతాయి. బయటికి ఏ సూచనా ఉండకపోవచ్చు. కానీ ఏ దశలోనైనా యోని నుంచి రక్తం, చీము, దుర్వాసన ఉన్న స్రావం కనిపిస్తే, పూర్తిగా తిండి మానేస్తే, మూలన ముడుచుకుని లేవకపోతే ఆ రోజే ఆసుపత్రికి తీసుకెళ్లాలి. పిల్లి మామూలు ఉష్ణోగ్రత 100.5 నుంచి 102.5 డిగ్రీల ఫారెన్‌హీట్ మధ్య ఉంటుంది, 103.5 దాటితే లోపల ఇన్ఫెక్షన్ ఉందేమోనని చూడాలి. చిన్న వయసు పిల్లులకే ఎక్కువగా వచ్చే సమస్య ఇంకొకటి ఉంది. గర్భంలో పెరిగే ప్రొజెస్టరోన్ హార్మోన్‌కు స్పందించి చనుకట్లు నిమ్మకాయలంత, అంతకంటే పెద్దగా వాచి ఎర్రబడతాయి. చూడటానికి క్యాన్సర్ గడ్డల్లా ఉన్నా అది క్యాన్సర్ కాదు. ఎద రాకుండా ఇచ్చే హార్మోన్ ఇంజెక్షన్ల వల్ల కూడా ఇది వస్తుంది. వైద్యం ఉంది, కానీ ఆలస్యం చేస్తే చర్మం పుండుపడుతుంది.

ముక్కడం మొదలయ్యాక

ఈనే ముందు ఒక రోజు పిల్లి చోటు వెతుక్కుంటుంది, నేలను గీరుతుంది, తిండి వద్దంటుంది, ఊరికే అరుస్తుంది లేదా గురగురమంటుంది. ఒంటి వేడి 100 డిగ్రీల కిందికి జారవచ్చు, అయితే పిల్లిలో ఈ గుర్తును పూర్తిగా నమ్ముకోలేం. గర్భసంచి ముఖద్వారం తెరుచుకుంటున్న ఈ దశ ఆరు గంటల నుంచి రోజు దాకా సాగుతుంది. తొలిచూలుకు మరికొంత ఎక్కువే. ఈ దశలో గడియారం చూసి భయపడే పని లేదు. ఆ తర్వాత కడుపు కండరాలు బిగబట్టి ముక్కడం మొదలవుతుంది. లెక్క మొదలయ్యేది అక్కడ. సాధారణంగా అరగంట, గంట లోపు మొదటి కూన వస్తుంది. తర్వాతివి పది నిమిషాల నుంచి గంట ఎడంతో వస్తాయి. తల ముందుగా రావచ్చు, వెనక కాళ్లు ముందుగా రావచ్చు. రెండూ మామూలే. వెనక కాళ్లు లోపలే మడిచి తోక ముందుకొస్తే మాత్రం చిక్కు.

చాలామందిని తికమక పెట్టే విషయం ఒకటుంది. పిల్లి ఒకటి రెండు కూనల్ని కని, నడుమ చాలాసేపు, ఒక్కోసారి రోజంతా ఆగి, మళ్లీ మిగతావాటిని కంటుంది. ఆ విరామంలో అది ప్రశాంతంగా పడుకుని, పుట్టినవాటికి పాలిచ్చి, నీళ్లు తాగి, ముక్కకుండా ఉంటే అది సహజమైన విరామమే. దీన్నిబట్టి, కిందటి కూన పుట్టి ఎంతసేపయింది అన్నది ఒక్కటే చూస్తే దారి తప్పుతాం. ఆ సమయంలో పిల్లి ఏం చేస్తోంది అన్నదే అసలు ప్రశ్న. దీనికి జవాబుగా కొన్ని హద్దులు ముందే గుర్తుంచుకోవాలి. గట్టిగా ముక్కుతూ ఇరవై నిమిషాల నుంచి అరగంట గడిచినా కూన రాకపోవడం ఒక హద్దు. కూన సగం బయటికొచ్చి పది నిమిషాలు దాటినా కదలకపోవడం మరొకటి. బలహీనంగా వచ్చిపోయే నొప్పులు రెండు గంటలు సాగినా ఫలితం లేకపోతే అది మూడోది. కూన ఏదీ రాకముందే ముదురు గోధుమ లేదా పచ్చటి స్రావం వస్తే లోపల మాయ విడిపోతోందని అర్థం. కూన వెనువెంటనే రాకపోతే దానికి ఊపిరి అందదు. పది నిమిషాలకు మించి ధారగా రక్తం కారినా, వణుకు, ఫిట్స్, సొమ్మసిల్లడం కనిపించినా ఇక ఆగడానికి వీల్లేదు. ఈ హద్దుల్లో ఏ ఒక్కటి దాటినా ఫోన్ చేసి బయల్దేరాలి. తెల్లారనిద్దాం, ఇంకో గంట చూద్దాం అనే మాటలు ఇక్కడ చెల్లవు.

చేతికి పని ఎప్పుడు

మన పల్లెల్లో ఆవో గేదో ఈనలేక అవస్థ పడుతుంటే నలుగురూ కలిసి దూడ కాళ్లు పట్టి లాగడం చూస్తుంటాం. ఆ అనుభవాన్ని పిల్లి మీద వాడితే ప్రమాదం. దూడ కాలు బలమైనది. వంద గ్రాముల కూన కాలు లాగితే ఊడివస్తుంది. తల్లి గర్భసంచి గోడ పలుచన, అది చిరిగితే తల్లి కూడా దక్కదు. సగం బయట చిక్కుకున్న కూన విషయంలో కూడా వైద్యుడు ఫోన్‌లో చెబుతుంటే, శుభ్రమైన చేతులతో, కూన ఒంటిని మెత్తని గుడ్డతో పట్టుకుని, తల్లి ముక్కినప్పుడు మాత్రమే, కిందికి వంపుగా, చాలా నెమ్మదిగా సాయపడవచ్చు. కాళ్లను గానీ తలను గానీ పట్టి లాగకూడదు. ఆక్సిటోసిన్ ఇంజెక్షన్ సంగతి ఇంకా జాగ్రత్త. పశువులకు వాడతారని తెచ్చి వేస్తే, అడ్డం తిరిగిన కూన మీద గర్భసంచి బిగుసుకుని చిరిగిపోవచ్చు. ఆసుపత్రిలో వైద్యులు ముందు ఎక్స్‌రేతో దారిలో అడ్డం లేదని తేల్చుకుంటారు. స్కానింగ్‌లో కూనల గుండె వేగం చూస్తారు. అది నిమిషానికి 200 దాటి ఉండాలి, 150 కిందికి పడితే ఆగే సమయం లేదు. దారి తెరిచి ఉండి, కూనలు బాగుంటేనే కాల్షియం, గ్లూకోజ్, కొద్ది మోతాదులో ఆక్సిటోసిన్ ప్రయత్నిస్తారు. లేదంటే సిజేరియన్. అప్పుడే గర్భసంచి తీసేసినా తల్లికి పాలు ఆగవు, కూనల్ని పెంచుకోగలదు.

ఇంట్లో మనిషి చెయ్యి నిజంగా పనికొచ్చేది కూన పుట్టిన మరుక్షణం. తొలిచూలు తల్లి కొన్నిసార్లు ఏం చేయాలో తెలియక కూనను చుట్టిన ఉమ్మనీటి తిత్తిని అలాగే వదిలేస్తుంది. ఒకటి రెండు నిమిషాల్లో తల్లి చించకపోతే మనం వేళ్లతో చించి, మూతీ ముక్కూ తుడిచి, పొడి తువ్వాలుతో ఒళ్లంతా రుద్దాలి. అరుపు వినిపిస్తే చాలు, తల్లి దగ్గర పెట్టేయాలి. తలకిందులుగా పట్టుకుని ఊపే పాత పద్ధతి మెదడుకు దెబ్బ. తల్లి బొడ్డు కొరకకపోతే పొట్టకు అంగుళం దూరంలో వేడినీళ్లలో మరిగించిన దారంతో ముడివేసి, ముడికి అవతల కత్తిరించాలి. చల్లబడిన కూనకు ముందు వెచ్చదనం, ఆ తర్వాతే పాలు. ఒళ్లు చల్లగా ఉండగా పాలు పడితే అరగవు. ఆవుపాలు దానికి సరిపోవు, కూనల కోసం దొరికే పాలపొడి వాడాలి. పుట్టినప్పుడు సుమారు వంద గ్రాములుండే కూన రోజుకు పది నుంచి పదిహేను గ్రాములు పెరగాలి. వంటింటి డిజిటల్ తూకం మీద రోజూ తూచి రాసుకుంటే, పైకి ఏ లోటూ కనిపించకముందే పాలు చాలడం లేదన్న సంగతి పట్టుబడుతుంది.

పురుడు ముగిసినా తల్లి మీద ఒక కన్ను ఉండాలి. కొద్దికొద్దిగా ఎర్రటి స్రావం కొన్నాళ్లు ఉండటం మామూలే. దుర్వాసన, జ్వరం, కూనల్ని దగ్గరికి రానివ్వకపోవడం గర్భసంచి ఇన్ఫెక్షన్‌కు గుర్తులు. ఒక చనుకట్టు గట్టిపడి ఎర్రబడి వేడిగా ఉంటే పాలవాపు. కాళ్లు బిగుసుకుపోయి నడక తడబడటం, వణకడం, రొప్పడం కాల్షియం పడిపోయిందనడానికి సూచన. సిరప్ నోట్లో పోయకుండా వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. అక్కడ గుండె వేగం చూసుకుంటూ కాల్షియాన్ని నెమ్మదిగా రక్తనాళంలోకి ఎక్కిస్తారు. పిల్లి తన కూనల్ని ఏడిళ్లు తిప్పుతుందని అంటాం. పదేపదే చోటు మారుస్తుంటే చాలాసార్లు కారణం అలికిడే. చూడవచ్చే చుట్టాలూ, ఎత్తుకునే పిల్లలూ ఎక్కువైనప్పుడు అనుభవం లేని తల్లి మరీ బెదిరిపోతుంది. మొదటి వారం జనం రాకపోకల్లేని మూల, ఎత్తు తక్కువ అంచున్న అట్టపెట్టె, అందుబాటులో తిండి, నీళ్లు ఉంటే చాలు.

వినిపించే అభ్యంతరాలు

వీధి పిల్లులకు ఏ ఎక్స్‌రే తీస్తున్నారు, ఏ తూకం వేస్తున్నారు, అవి బతకడం లేదా అని అడగవచ్చు. బతుకుతున్నవి మన కళ్లముందు తిరుగుతాయి; పురుట్లో పోయినవి ఏ కారు కిందో, ఏ పాడు గోడ సందులోనో ఎవరికంటా పడకుండా పోతాయి. కనిపించేవాటినే లెక్కేస్తే నష్టం ఎప్పటికీ సున్నాగానే తేలుతుంది. అయినా నాటు పిల్లి పురుడు సులువే అన్న మాట ముందే ఒప్పుకున్నాం. కోరుతున్నది ప్రతి పురుడుకూ వైద్యుణ్ని పిలవమని కాదు, హద్దు దాటినప్పుడు వెనకాడవద్దని. మా ఊళ్లో పిల్లులు చూసే డాక్టరు ఎక్కడ అన్నది ఇంతకంటే బలమైన అభ్యంతరం. ప్రభుత్వ పశువైద్యశాలల పని ఎక్కువగా పాడి పశువులతో ఉంటుంది, నిజమే. అందుకే ఈ వెతుకులాట పురుటి రాత్రికి వాయిదా వేయకూడదు. రాజేంద్రనగర్, కోరుట్ల, మామునూరు, తిరుపతి, గన్నవరం, ప్రొద్దుటూరు, గరివిడిలలో పశువైద్య కళాశాలలున్నాయి. దగ్గరలో ఎక్కడ పిల్లికి సిజేరియన్ చేస్తారో, రాత్రి ఎవరు ఫోన్ ఎత్తుతారో, ఎంత ఖర్చవుతుందో గర్భం ఆరో వారంలోనే కనుక్కోవాలి. ఊరు దూరమైతే పైన చెప్పిన గడువుల్లో ప్రయాణ సమయాన్ని కూడా కలుపుకుని ముందే కదలాలి. ఇంట్లో గర్భిణి స్త్రీ ఉంటే టాక్సోప్లాస్మా భయంతో పిల్లిని బయటికి తోసేసేవాళ్లున్నారు. ఆ క్రిమి పిల్లి మలంలో సాధారణంగా మొదటిసారి సోకినప్పుడు ఒకటి రెండు వారాలే వస్తుంది. వచ్చాక కూడా మరొకరికి అంటుకునే స్థితికి చేరడానికి కనీసం ఒక రోజు పడుతుంది. మట్టి డబ్బాను ఇంట్లో మరొకరు రోజూ శుభ్రం చేస్తే, మాంసం బాగా ఉడికించి తింటే ఆ భయం చాలావరకు తీరుతుంది.

అన్నిటికంటే గట్టిగా పాతుకుపోయిన నమ్మకం, పిల్లలు పుట్టకుండా చేసే ఆపరేషన్‌కు ముందు ఒక్క ఈతైనా ఈననివ్వాలన్నది. తల్లి ఆరోగ్యానికి అది మేలు చేస్తుందనడానికి ఆధారం లేదు. వ్యతిరేకంగా మాత్రం ఉంది. ఆరు నెలల లోపు ఆపరేషన్ చేసిన పిల్లుల్లో రొమ్ము క్యాన్సర్ ముప్పు 91 శాతం తగ్గిందని 2005లో వచ్చిన ఒక అమెరికన్ అధ్యయనం చూపింది. తర్వాత 2016లో అక్కడి పశువైద్య నిపుణుల బృందం ఐదో నెల నిండేలోపే ఆపరేషన్ చేయించమని సిఫారసు చేసింది, మొదటి ఎద చాలా పిల్లుల్లో ఆ తర్వాతే వస్తుంది కాబట్టి. ఇప్పటికే కడుపుతో ఉన్న ఆరు నెలల పిల్లికి కూనలతో సహా గర్భసంచి తీసేయడం వైద్యపరంగా సాధ్యమే. అది పాపమని బాధపడేవారి మనసును తేలిగ్గా తీసుకోకూడదు. అయితే తూకం రెండు వైపులా వేయాలి: ఇంకా ఎదుగుతున్న తల్లి ప్రాణం, పుట్టబోయే నాలుగు కూనలకు ఇళ్లు దొరుకుతాయా అన్న ప్రశ్న అవతలి పళ్లెంలో ఉన్నాయి. ఈ నిర్ణయం గర్భం తొలి వారాల్లో తీసుకుంటే తల్లికి ముప్పు తక్కువ. ఈననివ్వాలనే నిశ్చయిస్తే మరో సంగతి మరవకూడదు. కూనలు ఇంకా పాలు తాగుతుండగానే తల్లి మళ్లీ ఎదకు రావచ్చు. పాలు మాన్పించాక, చనుకట్లు ఆరిన వెంటనే ఆపరేషన్ చేయించాలి, అప్పటిదాకా తలుపు దాటనివ్వకూడదు.

సమయానికి ఆపరేషన్ చేయించిన ఇంటికి ఈ హద్దులేవీ గుర్తుంచుకునే పని లేదు. అందుకే చిన్న పిల్లికి అసలైన పురుటి జాగ్రత్త ఐదో నెలలోనే ఉంది. అది దాటిపోయిన ఇంట్లో మాత్రం ఎప్పటిదాకా ఆగాలన్న ప్రశ్నకు అర్ధరాత్రి, పిల్లి అరుస్తుండగా, చేతులు వణుకుతుండగా సరైన జవాబు దొరకదు. అది తీరిక ఉన్న పగలు తేల్చుకోవాల్సిన విషయం. జత కలిసిన తేదీ, అరవై ఏడో రోజు ఏ తారీకున పడుతుందో, అరగంట, పది నిమిషాలు, రెండు గంటలు అనే మూడు గడువులు, రాత్రి పలికే ఆసుపత్రి నంబరు, ఇవన్నీ ఒక కాగితం మీద రాసి ఫ్రిజ్ తలుపుకు అంటించడానికి ఐదు నిమిషాలు చాలు. ఆ కాగితం ఉన్న ఇంట్లో పెద్దల మాటా నిలుస్తుంది, పిల్లి ప్రాణమూ నిలుస్తుంది.